మూత పెట్టిన కుండ

ధ్యానభాగము: గలతీయులకు 2:11–14



2024 సంవత్సరము నవంబరు మాసములో మా చెల్లెలి పిలుపుమీద మేము అమెరికా దేశమందలి టెక్సాసు రాష్ట్రములోని హ్యూస్టను పట్టణమునకు వెళ్లితిమి. చెల్లెలు అక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు పనిచేయుచున్నది. మేము వెళ్లిన మూడవ నాడు చలిగాలియు చినుకులును పట్టుకొనెను. రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చిన చెల్లెలు, "అన్నయ్యా, ఈ చలికి నిన్నొక చోటికి తీసుకెళ్తాను. అక్కడ ఏం తింటామో మాత్రం ముందు చెప్పను" అనెను.

ఆమె మమ్మును బెల్లేర్ అను పొడవైన వీధికి తీసుకొనిపోయెను. అక్కడ వీధి పేర్ల పలకలమీద కూడ ఇంగ్లీషుతోపాటు వియత్నాము భాష వ్రాయబడియున్నది. ఒక చిన్న హోటలు ముందు కారు ఆపెను. లోపల పది పన్నెండు బల్లలు. అన్నియు నిండియున్నవి. పనిబట్టలు తొడుగుకొనిన కూలీలు, మెడలో పట్టీ వేసుకొనిన ఆఫీసువారు, తెల్లవారు, నల్లవారు, ముసలివారు, బిడ్డలు, అందరును ఒకే ఆహారము ముందు వంగి కూర్చుండిరి. దానిని ఫో అందురు. వారు ఆ మాటను ప్రశ్న అడిగినట్లు తుది యెత్తి 'ఫ' అని పలుకుదురు.

మొదట ఒక పళ్లెములో పచ్చి ఆకులు, పెసర మొలకలు, పచ్చిమిరప ముక్కలు, నిమ్మచెక్కలు తెచ్చి పెట్టిరి. పిమ్మట మా తలకాయంత గిన్నె వచ్చెను. అడుగున బియ్యపుపిండితో చేసిన వెడల్పాటి సేమియా. పైన తమలపాకువలె పలుచగా కోసిన పచ్చి మాంసము. దానిమీద సలసల కాగు పులుసు. ఆ పులుసు వేడికే మాంసము మా కన్నులయెదుట ఎరుపు విడిచి ఉడికెను. ఆవిరి ముఖమునకు తగిలెను. అందులో అనాసపువ్వు వాసన, దాల్చినచెక్క వాసన, కాల్చిన అల్లము వాసన. వాటన్నిటి క్రింద మేము చిన్ననాటినుండి ఎరిగిన మరియొక వాసన.

మేము చెంచా చేతపట్టి ఊరకుంటిమి. చెల్లెలు మా వైపు చూచి మెల్లగా, "అన్నయ్యా, ఇది అమ్మ కాచిన బొమికల పులుసే గదా" అనెను.

ప్రియులారా, మీలో అనేకులకు ఈ మాట అర్థమగును. మా యింట ఆదివారము ఆరాధన తరువాత పొయ్యిమీద గొడ్డు బొమికలు కాగుచుండెడివి. మాంసము కొనుటకు డబ్బు లేదు గనుక అమ్మ బొమికలు తెచ్చెడిది. దానికంటె రుచియైన భోజనము మేమెరుగము. అయితే సోమవారము బడికి పోవునప్పుడు దారిలో నిమ్మాకు నలిపి రెండు చేతులకును రుద్దుకొని పోయెడివారము. ఏమి తిన్నావని తోటిపిల్లలు అడిగినయెడల పప్పు అని చెప్పెడివారము. ఇప్పుడు ఇక్కడ అదే నిమ్మ మా యెదుట నున్నది; కాని వాసన దాచుకొనుటకు కాదు, గిన్నెలో పిండుకొనుటకు.

ఈ పులుసు కథను తరువాత అడిగి తెలిసికొంటిమి. ఇది ఉత్తర వియత్నాములో, హనోయి పట్టణమునకు దక్షిణముననున్న నామ్ దిన్ ప్రాంతమునను, హనోయిలోను, ఇరువదవ శతాబ్దపు ఆరంభ కాలమున రూపు దిద్దుకొన్నదని చెప్పుదురు. అది ఫ్రెంచివారి పరిపాలనా కాలము. అంతకుముందు అక్కడి రైతులకు గొడ్లు దుక్కికే గాని కోతకు కావు. ఫ్రెంచివారు మాంసము కోరగా గొడ్లు కోయబడెను. మంచి ముక్కలు దొరల బల్లకు పోయెను. మిగిలిన బొమికలు చౌకగా అమ్ముడుపోయెను. బీదలు వాటిని కొని కాచిరి. కావడి బద్దకు ఒక ప్రక్క నిప్పుతోకూడిన కుండ, మరియొక ప్రక్క సేమియాయు గిన్నెలును పెట్టుకొని వీధివీధి తిరిగి అమ్మిరి. దొరలు విడిచిన దానినుండి ఒక జనమునకు ప్రియమైన భోజనము పుట్టెను. 2024లో వియత్నాము ప్రభుత్వము హనోయి ఫోను, నామ్ దిన్ ఫోను జాతీయ వారసత్వ సంపదగా గుర్తించెను.

1954లో జెనీవా ఒప్పందమువలన ఆ దేశము రెండుగా చీలినప్పుడు 8 నుండి 10 లక్షలమంది ఉత్తరమునుండి దక్షిణమునకు తరలిపోయిరి. వారిలో అనేకులు రోమను కథోలిక క్రైస్తవులు. వారితో ఈ కుండయు పోయెను. దక్షిణమున దానికి పచ్చి ఆకులు, మొలకలు, నిమ్మ విరివిగా తోడాయెను. 1975 ఏప్రిల్ 30న సైగాను పట్టణము పడిపోయిన తరువాత జనులు పడవలెక్కి సముద్రముమీద పారిపోయిరి. తరువాతి 20 సంవత్సరములలో సుమారు 8 లక్షలమంది పడవలమీద పరదేశ తీరములు చేరిరి. దారిలో మునిగినవారి లెక్క దేవునికే తెలియును. టెక్సాసు చేరినవారిలో కొందరు గాల్వెస్టను అఖాతములో రొయ్యలు పట్టి బ్రదుకజూడగా, ముసుగులు ధరించు కూ క్లక్స్ క్లాన్ అను ద్వేషపు గుంపు వారిని బెదరించెను. 1981లో గాబ్రియెల్ మెక్‌డొనాల్డు అను నల్లజాతి స్త్రీ న్యాయమూర్తి ఆ బెదిరింపులు మానవలెనని ఆజ్ఞ ఇచ్చిరి.

ఆ హోటలు యజమానురాలు అరువది దాటిన స్త్రీ. రద్దీ తగ్గిన పిమ్మట మా బల్లయొద్దకు వచ్చి నిలిచెను. చెల్లెలు ఆమెకు బాగుగా తెలిసినది. ఈ పులుసు ఎట్లు ఇంత తేటగానున్నదని మేము అడిగించితిమి. ఆమె చెప్పినది ఇది: బొమికలను మొదట ఒక పొంగు పొంగించి ఆ నీళ్లు పారబోయవలెను. కడిగి మరల క్రొత్త నీళ్లు పోసి సన్నని సెగమీద రాత్రంతయు కాచవలెను. పెద్దమంట పెట్టినయెడల పులుసు మడ్డియగును. పైకి తేలు నురుగును విసుగక తీయుచునే యుండవలెను. అల్లమును ఉల్లిగడ్డలను నిప్పులమీద నల్లబడువరకు కాల్చి వేయవలెను. ఉప్పుకు తోడుగా, చేపలను ఉప్పులో నెలలకొలది మాగబెట్టి తీసిన రసము పోయవలెను.

ఆమె తండ్రి 1954లో నామ్ దిన్ విడిచి దక్షిణమునకు వచ్చినవాడట. ఆమె తానే పదునెనిమిదేండ్ల ప్రాయమున, 1980లో, పడవ యెక్కినదట. ఆమె నవ్వుచు మరియొక మాట చెప్పగా చెల్లెలు తెలుగున చెప్పెను: "ఈ ఊరు వచ్చిన కొత్తలో, పక్కింటివాళ్లు వాసన అంటారని కిటికీలన్నీ మూసి కాచేవాళ్లం. కొన్నాళ్లకు విసుగొచ్చి తెరిచేశాం. ఆ వాసనకే జనం వచ్చారు."

ఆ మాట మా గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొనెను. ఎందుకో మీకు దాచక చెప్పుచున్నాము.

ఆ ప్రయాణమునకు ముందు ఎండకాలములో మన సంఘములోని ఒక విధవరాలు గృహ ప్రార్థనకు మమ్మును పిలిచెను. ఆనాడు పట్టణమునుండి ఇద్దరు గౌరవనీయులైన స్నేహితులు మాతో వచ్చియుండిరి. ప్రార్థనయైన తరువాత ఆమె, "అయ్యగారూ, పొద్దుననగా పెట్టాను, బొమికల పులుసు. రెండు ముద్దలు తినిపోండి" అని కుండ మూత తీసెను. వాసన వచ్చెను. మేము మా స్నేహితుల ముఖము చూచితిమి. "ఈ పూట ఉపవాసమున్నామమ్మా" అని చెప్పి, ఒక అరటిపండు చేతపట్టుకొని లేచితిమి. ఉపవాసమున్నవాడు అరటిపండు పుచ్చుకొనడని ఆ తల్లికి తెలియదా? ఆమె ఒక మాటయు అనలేదు. కుండమీద మూత పెట్టెను.

మేము ఆమెతో అబద్ధమాడితిమి. అదియు దేవుని పేరు చెప్పి ఆడితిమి.

అపొస్తలుడైన పేతురు అంతియొకయలో అన్యజనులలోనుండి వచ్చిన సహోదరులతో కూడ భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి కొందరు రాగానే వారికి భయపడి వెనుకకు తీసెను. అతనిని చూచి మిగిలిన యూదులును, మంచివాడైన బర్నబాయును వెనుకకు తీసిరి. పౌలు అందరియెదుట అతనిని గద్దించెను. ఇక్కడ మనము గమనింపవలసినది ఒకటున్నది. పేతురు తెలియక చేసినవాడు కాడు. యొప్పేలో మిద్దెమీద దుప్పటివంటి దర్శనము చూచినవాడు అతడే. కొర్నేలీ యింట అడుగు పెట్టినవాడును అతడే. దర్శనము మరచిపోలేదు, మనుష్యుల ముఖము చూచెను. అంతియే. అంతమాత్రమునకే ఒక పంక్తి చెడెను.

పౌలు ఆ సంగతిని భోజన మర్యాదలోని చిన్న పొరపాటుగా ఎంచక, సువార్త సత్యమునకే విరోధమైన నడతగా ఎంచెను. ఏలయనగా బల్లయొద్దనుండి లేచిపోయినవాడు ఆహారమునొక్కటినే విడువడు. దానిని వండిన చేతులను విడుచును. ఆ తల్లి కుండను మేము కాదన్నప్పుడు ఆమెను, ఆమె వాడను, మమ్మును పెంచిన మా అమ్మనుకూడ కాదంటిమి.

ఇందునుబట్టి ఎవరైనను గర్వించి, తినని పొరుగువారిని నొప్పించుటకు తినవలెనని మేము చెప్పుటలేదు. తినువాడు తిననివానిని తృణీకరింపరాదు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చరాదు అను భావము రోమీయులకు 14వ అధ్యాయములో చదువుకొనుడి. తిననని నిజము చెప్పుట తప్పు కాదు. తినుచునే తిననని నటించుట తప్పు. సిగ్గు ఒక మూత. దాని క్రింద ప్రేమ చల్లారిపోవును.

తిరిగి వచ్చిన వారము మేము ఆ విధవరాలి యింటికి వెళ్లితిమి. ఈసారి ఒంటరిగా కాదు. ఆ ఇద్దరు స్నేహితులను కూడ వెంటబెట్టుకొని వెళ్లితిమి. వాకిట నిలిచి, "అమ్మా, ఆనాడు మాకు ఉపవాసము లేదు. మేము అబద్ధము చెప్పితిమి, క్షమించు" అంటిమి. ఆమె కొంగుతో కన్నులొత్తుకొని, "నాకు అప్పుడే తెలుసు అయ్యగారూ. మరి ఇవాళ ముందు చెప్పకుండా వచ్చారు, గంజీ పచ్చడే ఉంది" అనెను. మా స్నేహితులలో ఒకరు మాతోపాటు చాపమీద కూర్చుండి గంజి త్రాగిరి. మరియొకరు తమకు అలవాటు లేదని నిజము చెప్పి మంచినీళ్లు పుచ్చుకొనిరి. ఆమె ఇద్దరితోను సంతోషముగానే మాటలాడెను.

వియత్నామువారు ఫోను ముఖ్యముగా ఉదయకాలమున భుజింతురట. మన ప్రభువు కూడ తిరిగి లేచిన తరువాత తిబెరియ సముద్రతీరమున ఒక ఉదయమున నిప్పులు చేసి, చేపలు కాల్చి, రాత్రంతయు అలసిన శిష్యులను భోజనమునకు పిలిచెను. వారిలో పేతురు ఉండెను. మనుష్యులకు భయపడి ప్రభువును ఎరుగనన్నవాడు అతడే. ప్రభువు అతనిని మొదట నిందింపలేదు; మొదట భోజనము పెట్టెను. ప్రేమించుచున్నావా అని తరువాత అడిగెను.

ఈ నెల ప్రభురాత్రి భోజనపు బల్లయొద్దకు వచ్చుటకు ముందు ప్రతివారును తమ్మును తాము అడిగికొనవలెను: ఎవరి ముఖము చూచి మేము ఎవరి బల్లనుండి లేచితిమి? ఎవరి యింట కుండమీద మా నిమిత్తము మూత పడెను? జవాబు దొరికినయెడల బల్లయొద్దకు వచ్చుటకు ముందే ఆ యింటికి పోవుడి. వండియుండనక్కరలేదు, గంజియైనను చాలును.

ప్రభువు మన సంఘములోని ప్రతి యింటి పొయ్యిని ఆశీర్వదించును గాక. ఆమేన్.