నిలబడ్డ బండి చెప్పే మాట

ముసలి బండి పరుగెడుతున్నంతసేపూ తన జబ్బు చెప్పదు. ఖమ్మం నుంచి తల్లాడ, సత్తుపల్లి వైపు పోయే దారిలో, వైరాలో మెకానిక్ షెడ్ల ముందు ఆగే పాత ఓమ్నీలను చూడండి. రోడ్డు మీద బాగానే లాగుతాయి. పక్కకు తీసి, ఇంజిను ఆపకుండా వదిలితేనే సంగతి బయటపడుతుంది. ఐడిలింగ్ కాసేపు రేసు ఎక్కుతుంది, కాసేపు పడిపోతుంది, బండంతా వణుకుతుంది, ఒక్కోసారి ఠక్కున ఆగిపోతుంది. "రోడ్డు మీద ఏం లేదన్నా, నిలబెడితేనే ఇట్లా చేస్తుంది" అంటాడు డ్రైవరు. అనుభవం ఉన్న మెకానిక్‌కు ఆ ఒక్క మాట చాలు. గాలి లీకేమోనని ఇంజిను దగ్గర చెవి పెడతాడు.

ఇంజిను గాలి పీల్చుకుంటుందని అంటాం. నిజానికి చుట్టూ ఉన్న గాలే తన బరువుతో లోపలికి తోసుకుపోతుంది. 1640లలో ఇటలీలో టొరిచెల్లి పాదరసపు గొట్టంతో తేల్చింది ఈ బరువునే. వాతావరణం సుమారు 760 మిల్లీమీటర్ల ఎత్తు పాదరసాన్ని నిలబెట్టగలదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే థ్రాటిల్ పలక దాదాపుగా మూసుకుపోతుంది. పిస్టన్లు మాత్రం లాగుతూనే ఉంటాయి. అందువల్ల పెట్రోలు ఇంజిను మానిఫోల్డులో, అంటే గాలి లోపలికి పోయే గొట్టాల్లో, ఒక వెలితి ఏర్పడుతుంది. ఇంజిను ఆరోగ్యంగా ఉంటే ఐడిలింగ్‌లో వాక్యూమ్ గేజి ముల్లు సుమారు 17 నుంచి 21 అంగుళాల మధ్య నిలకడగా ఉంటుంది. ఈ వెలితి లోపం కాదు, అవసరం. మన పాదం బలాన్ని పెంచి బ్రేకు పట్టించే బూస్టరు కూడా దీని మీదే బతుకుతుంది.

లీకు వచ్చిందంటే లెక్కలో లేని గాలి దొడ్డిదారిన దూరుతోందన్నమాట. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి, తూకం లెక్కన. పెట్రోలు పూర్తిగా కాలడానికి కావలసిన నిష్పత్తి అది. కార్బొరేటర్ బండిలో దొంగగాలి చేరితే మిశ్రమం పలచబడి మిస్సింగ్ కొడుతుంది. లోపలికి పోయే గాలిని సెన్సారుతో కొలిచే బళ్లలో, కొలత దాటాక దూరిన గాలి కంప్యూటరు కొలతలో పడదు. మానిఫోల్డు పీడనాన్ని బట్టి లెక్క కట్టే బళ్లలో కంప్యూటరు పెట్రోలు కూడా పెంచేసి, ఐడిలింగ్‌ను రేసు ఎక్కిస్తుంది. ఒకే చీలిక, బండిని బట్టి వేరు వేరు లక్షణాలు.

మరి పరుగులో ఎందుకు తెలియదు? చీలిక పోయిందని కాదు. థ్రాటిల్ బాగా తెరుచుకుని గాలి ధారగా పోతున్నప్పుడు ఆ చిన్న సందులోంచి వచ్చేది ఏ మూలకూ రాదు. బండి నిలబడ్డప్పుడు లోపలికి పోయే గాలే కొద్ది. అందులో దొంగగాలిది పెద్ద వాటా అవుతుంది. మనుషుల్లోనూ ఇదే చూస్తాం. మిరపకాయ కోతలు, కల్లాలు, ఖమ్మం మార్కెట్టుకు బస్తాల లోడింగు నడిచినన్నాళ్లూ మనిషి బాగానే ఉంటాడు. పంట అమ్ముడై నాలుగు రోజులు తీరిక దొరికితే కుదురుండదు. అయినదానికీ కానిదానికీ ఇంట్లోవాళ్ల మీద చిరాకు పడతాడు. తీరికే మనిషిని చెడగొట్టిందంటారు చూసినవాళ్లు. తీరిక చెడగొట్టలేదు, ఉన్నదాన్ని చూపించింది. పని అంతకాలం దాన్ని కప్పి ఉంచిందంతే.

ఈ జబ్బుకు ఇంకో గుణం ఉంది. వైరా రిజర్వాయరు కట్ట ఎక్కడైనా ఊటెక్కితే కట్ట కింద నేల తడిసి చెబుతుంది. నీటిమట్టం పూర్తిగా 18.3 అడుగులకు చేరిన రోజుల్లో ఆ తడి కోసం కళ్లు కట్ట వెంటే తిరుగుతాయి. గాలి లీకు అలా కాదు. బయటికి పోయేది ఏమీ లేదు, లోపలికి వచ్చేదే. కింద చుక్క పడదు, మరక ఉండదు. కాబట్టి కంటితో కాక చెవితో మొదలుపెట్టాలి. ఇంజిను నడుస్తుండగా బుస్సుమనే సన్నటి శబ్దం కోసం, చెవి దగ్గర రబ్బరు గొట్టం పెట్టుకుని హోస్‌ల వెంట, గ్యాస్కెట్ అంచుల వెంట వింటారు. ఒక్కో హోస్‌నే నొక్కిపట్టి ఐడిలింగ్ మారిందేమో చూస్తారు. మారితే లీకు ఆ దారిలోనే ఉంది. పొగ యంత్రం ఉన్న షెడ్డులో ఇంజిను ఆపేసి మానిఫోల్డులోకి పొగ పంపుతారు; చీలిక ఉన్నచోట పొగ తేలుతుంది. వేడి ఇంజిను మీద పెట్రోలు చల్లి వెతకడం మాత్రం నిప్పుతో ఆటే.

వెతికిన చోట తరచూ దొరికేది ఇనుము కాదు, రబ్బరు. లక్షల కిలోమీటర్లు తిరిగినా బ్లాకు, క్రాంకు గట్టిగానే ఉంటాయి. ఈ ప్రాంతపు వేసవి ఎండ, దాని మీద బానెట్ కింది సెగ కలిసి హోస్‌లను బిరుసెక్కించి పగలగొడతాయి. ఇంజెక్టర్ల కింది రింగులు ఎండిపోతాయి, మానిఫోల్డు గ్యాస్కెట్ పట్టు వదులుతుంది. వయసు మీద పడ్డప్పుడు మొదట అరిగేవి రెండింటిని కలిపి ఉంచే మెత్తని భాగాలే. సంసారంలోనూ పెద్ద మనసులు ఉండగానే పలకరింపులు బిరుసెక్కుతాయి. అన్నదమ్ములు ఇద్దరూ మంచివాళ్లే, నడుమ రాకపోకలు ఎండిపోతాయి. ఇక అందరూ బ్లాకునే తప్పు పడతారు.

తప్పుడు వైద్యం రెండు రకాలు. మొదటిది ఐడిలింగ్ పెంచేయడం. స్క్రూ ఒక చుట్టు తిప్పితే బండి ఆగదు, జబ్బు అలాగే ఉంటుంది, పెట్రోలు కాలుతుంది. తీరికను భరించలేక ఫోనులో మునిగిపోవడం, లేని పనిని మీద వేసుకోవడం ఈ కోవలోవే. రెండోది చిన్న హోస్ ముక్క పోయిన చోట ఖరీదైన సెన్సార్లు వరసగా మార్చుకుంటూ పోవడం. జీవితంలోనూ ఇల్లు మారుస్తాం, ఊరు మారుస్తాం, ఉద్యోగం మారుస్తాం. చీలిక మనతోపాటే వస్తుంది.

బాగుచేశాక కూడా ఓపిక కావాలి. గాలిని కొలిచే బళ్లలో కంప్యూటరు లీకును కప్పిపుచ్చడానికి నెలల తరబడి పెట్రోలు ఎక్కువిస్తూ, ఆ సర్దుబాటును గుర్తు పెట్టుకుని ఉంటుంది. కొత్త హోస్ వేసినా కొంతసేపు పాత లెక్కనే నడుస్తుంది; కొంత తిరిగాక కొత్త లెక్క నేర్చుకుంటుంది. కారణం పోయినంత తొందరగా అలవాటు పోదు. మనసు కుదుటపడ్డ మనిషి కూడా కొన్నాళ్లు పాత విసురుతోనే మాట్లాడవచ్చు. ఇంట్లోవాళ్లు ఆ కొన్నాళ్లూ ఇచ్చితీరాలి.

సొంత పెట్రోలు బండికి 15 ఏళ్లకు ఆర్‌సీ గడువు తీరుతుంది; ఫిట్‌నెస్ చూపిస్తే మరో 5 ఏళ్లు పొడిగిస్తారు. మనకు అలాంటి తనిఖీ ఎవరూ పెట్టరు, మనమే పెట్టుకోవాలి. వారంలో ఒక పూట ఏ పనీ పెట్టుకోకుండా కూర్చుని, ఏది కుదురుండనివ్వడం లేదో వినండి. దొరికినదాన్ని దొరికినచోటే సరిచేయండి. బండి విషయంలో ఒక్క హెచ్చరిక: బ్రేకు బూస్టరుకు ఆ వెలితి అందుతోందో లేదో చూడటానికి, ఇంజిను ఆపి బ్రేకు పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, నొక్కిపట్టే ఇంజిను స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకుండా గట్టిగా నిలబడితే ఈ తత్త్వమంతా పక్కన పెట్టి, ఆ బండిని మళ్లీ రోడ్డెక్కించకుండా మెకానిక్‌నే దాని దగ్గరికి పిలిపించండి.