వేషానికి ఉద్వాసన

కోయెన్ సోదరులు 2016లో తీసిన ‘హెయిల్, సీజర్!’ హాలీవుడ్ స్వర్ణయుగం మీద వచ్చిన హాస్య చిత్రం. కథ 1951లో జరుగుతుంది. ఎడ్డీ మానిక్స్ అనే స్టూడియో అధికారి తారల తగాదాలూ రహస్యాలూ సర్దుతూ పొద్దస్తమానం తిరుగుతుంటాడు. ఆ స్టూడియోలో క్రీస్తు కథ మీద ఒక భారీ చిత్రం తయారవుతోంది. రేపు విడుదలయ్యాక ఎవరి మనసూ నొచ్చుకోకూడదని మానిక్స్ ముందే నలుగురు మతపెద్దల్ని పిలిపిస్తాడు: ఒక క్యాథలిక్ ఫాదరు, ఒక ప్రొటెస్టెంట్ పాస్టరు, ఆర్థొడాక్స్ చర్చి పెద్దాయన, ఒక రబ్బీ. స్క్రిప్టులో క్రీస్తును చూపించిన తీరు మీద అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని అడుగుతాడు. ఆర్థొడాక్స్ పెద్దాయన రథాల పందెం ఎత్తుకుంటాడు. అంత వేగంలో ఒక రథం మీంచి ఇంకో రథం మీదికి దూకడం నమ్మేలా లేదంటాడు. ఆ తర్వాత క్రీస్తు దేవుడా, దేవుడి కొడుకా, రెండూనా అని నలుగురూ వాదులాటలో పడతారు. దేవుడికి రూపం కట్టడం మాకు నిషేధం, కానీ క్రీస్తు మా లెక్కలో మనిషే కాబట్టి నాకేం పేచీ లేదంటాడు రబ్బీ.

నేను పురోహితుణ్ణి. సూరత్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లలో వ్రతాలూ పెళ్లిళ్లూ చేయిస్తాను, డుమస్‌లో ఉంటాను. మా అబ్బాయి ఈ సినిమా పెడితే ఇంట్లో అందరం కూర్చుని చూశాం. ఆ సన్నివేశానికి వాళ్లంతా నవ్వుతుంటే నేనూ నవ్వాను కానీ, ఆ నలుగురి పక్కన నాకూ ఒక కుర్చీ వేసినట్టే అనిపించింది. వాళ్లు మాట్లాడుకున్నదంతా దేవుణ్ణి ఎలా చూపించాలి అని. చూసేవాడి గురించి ఒక్కరూ అడగలేదు. దేవుడి వేషం కట్టిన మనిషిని చూసి చేతులు జోడించినవాడి సంగతేమిటి? ఆ నమస్కారం ఎవరికి చేరింది?

దేవుణ్ణి తెర మీద చూపించడమంటే హాలీవుడ్ వాళ్లకు మొదటినుంచీ భయం ఉంది. 1927లో సెసిల్ బి. డెమిల్ ‘ది కింగ్ ఆఫ్ కింగ్స్’ తీసినప్పుడు క్రీస్తు వేషం వేసిన హెచ్.బి. వార్నర్‌ను సెట్టుకు ముసుగు వేసి, మూసిన కారులో తీసుకెళ్లేవారు. రోజూ షూటింగు మొదలయ్యే ముందు ప్రార్థన జరిగేది. 1959 నాటి ‘బెన్‌హర్’లో విలియం వైలర్ క్రీస్తు ముఖమే చూపించలేదు. వీపు కనిపిస్తుంది, చేతులు కనిపిస్తాయి, ఆయన్ని చూసినవాళ్ల కళ్లలో మార్పు కనిపిస్తుంది. అంతే. ‘హెయిల్, సీజర్!’లో స్టూడియో వాళ్లు రష్‌లు వేసుకుని చూస్తుంటే ఒకచోట బొమ్మ ఆగిపోయి, దైవసన్నిధి ఇంకా తీయవలసి ఉంది అని తెర మీద అక్షరాలు పడతాయి. ఆ రెండు క్షణాల హాస్యంలో ఎంత వేదాంతం ఉందో! ఏ కెమెరాకైనా ఆ ఒక్క షాటూ ఎప్పటికీ బాకీయే.

మన తెలుగు సినిమా అలా ముఖం దాచలేదు. నిండు వెలుగులో, దగ్గరగా, చిరునవ్వుతో సహా చూపించింది. 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ సంగతే చెబుతున్నాను. అంతకు ముందు ఏడాది ‘సొంత ఊరు’లో ఎన్.టి. రామారావు కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనం ఒప్పుకోలేదని అంటారు. అదే మనిషి, అదే ముఖం. దర్శకుడు కె.వి. రెడ్డి పట్టుబట్టి మళ్లీ ఆ వేషం కట్టించారు. గోఖలే, కళాధర్‌లు కళాదర్శకులు, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రాహకుడు. కిరీటం ఎత్తు, నుదుటి నామం, కంటి కాటుక, ముఖం మీద పడే వెలుగు, అన్నీ కుదిరాక థియేటర్లో చేతులు వాటంతటవే లేచాయి. 1960లో పి. పుల్లయ్యగారి ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ వచ్చాక తిరుపతి యాత్రకు వెళ్లిన బస్సులు మద్రాసు దాకా వెళ్లి రామారావుగారి ఇంటి ముందు ఆగేవి. కొండ మీద ఒక దర్శనం, మద్రాసులో ఇంకో దర్శనం. చదువుకున్నవాళ్లు దీన్ని అమాయకత్వం అన్నారు. మా కులవృత్తిలో ఉన్న పెద్దలు కొందరు అపచారం అన్నారు. నాకు ఆ రెండు మాటలూ తొందరపడి అన్నవిగానే తోస్తాయి.

ఆ నమస్కారం ఎవరికి చేరిందన్న ప్రశ్న నన్ను సూటిగా అడిగినామె సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మన పద్మశాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆమె కొడుకూ ఆ పనిమీదే ఇక్కడికి వచ్చాడు. వినాయక నిమజ్జనానికి డుమస్ వచ్చారు. ఇక్కడి సముద్రం ఖంభాత్ అఖాతంలోది, పోటుకీ ఆటుకీ చాలా తేడా. ఆటు మీద ఉంటే నీళ్లు కనుచూపు మేర వెనక్కిపోయి నల్లటి బురద తేలుతుంది. విగ్రహం ముంచాలంటే పోటు వచ్చేదాకా ఆగాల్సిందే. ఇసుక కూడా నలుపే. పిల్లలు టమాటా భజియాల బండి దగ్గరికి పరుగెత్తారు. ఇక్కడి భజియా వేరు. టమాటా చక్రం మీద పచ్చిమిర్చి, కొత్తిమీర చట్నీ మందంగా పట్టించి, శనగపిండిలో ముంచి వేయిస్తారు. కొరికితే ముందు పెదవి కాలుతుంది, తర్వాత కారం తెలుస్తుంది. పెద్దావిడ తినలేదు. నా పక్కన కూర్చుని మెల్లగా అంది.

“అయ్యగారూ, మొక్కెటప్పుడు కండ్లు మూసుకుంటే నాకు కిష్టమూర్తి అవుపడడు, రామారావే అవుపడ్తడు. నా చిన్నప్పటిసంది గంతే. పాపమైతదా?”

ఆమె ఇంట్లో రామారావు కృష్ణుడి వేషంలో ఉన్న పాత క్యాలెండర్ బొమ్మ అద్దం కట్టించి గోడకు ఉంది. నేను చూశాను. పాపం కాదమ్మా అని ఊరుకోవచ్చు. కానీ ఆమె ఓదార్పు అడగలేదు, తీర్పు అడిగింది. తీర్పు చెప్పాలంటే కారణం చెప్పాలి. నాకు చేతనైన కారణం నా పనిలోంచే వస్తుంది.

ఏ పూజకైనా ముందు పసుపు గణపతిని చేస్తాం. చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నీళ్లు. వేళ్ల మధ్య నలిపి కొస పైకి లాగితే చిన్న శిఖరంలా నిలుస్తుంది. పళ్లెంలో బియ్యం పోసి, తమలపాకు కొస తూర్పుకు ఉండేలా పరిచి, దాని మీద ఆ ముద్దను పెట్టి కుంకుమ బొట్టు పెడతాను. ఆ పసుపు నిన్న కొట్లో తూకం వేసి కొన్నదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ముద్ద చేసింది నా వేళ్లేనని పీటల మీది దంపతులు చూస్తూనే ఉంటారు. అయినా ఆవాహన జరిగాక అది పసుపు కాదు. ఆసనం ఇస్తాం, కాళ్లకు నీళ్లిస్తాం, బెల్లం ముక్క నైవేద్యం పెడతాం. పని పూర్తయ్యాక ఉద్వాసన చెప్పి ఆ తమలపాకును ఉత్తరంగా కాస్త కదుపుతాను. ఒక్క అంగుళం. ఆ అంగుళంతో దేవుడు సెలవు తీసుకున్నట్టు. మళ్లీ అది పసుపే.

మనుషుల విషయంలోనూ అంతే. కన్యాదానం వేళ వరుణ్ణి విష్ణుస్వరూపంగా భావించి మామగారు కాళ్లు కడుగుతాడు. ఆ కుర్రాడు నిన్నటిదాకా ఎవరో, రేపటినుంచి ఇంటి అల్లుడు. ఆ పీట మీద ఉన్నంతసేపు మాత్రం ఆ నీళ్లు అతని కాళ్ల మీద పడటం లేదు. పెళ్లయిన మర్నాడు కూడా కాళ్లు కడుగుతూ కూర్చునే మామగారు ఎక్కడా ఉండడు.

కాబట్టి మనిషి ముఖంలో దేవుణ్ణి చూడటం మనకు కొత్తా కాదు, తప్పూ కాదు. రమ్మనడం తెలిసినట్టే పొమ్మనడం కూడా తెలియాలి. ఆవాహన చేసి ఉద్వాసన మరిచిపోతే వచ్చే చిక్కు వేరు. నటుడు తన వేషాన్ని తానే నమ్మేస్తాడు. లేదా భక్తుడు ఆ నటుడు ఏం చెప్పినా శాసనం అనుకుంటాడు. ‘హెయిల్, సీజర్!’లో జార్జ్ క్లూనీ వేసిన బెయిర్డ్ విట్లాక్ పాత్రను చూడండి. రోమన్ సేనాని దుస్తుల్లోనే అతన్ని ఎత్తుకుపోతారు. కథ అయిపోయేదాకా ఆ దుస్తులు విప్పడు. ఎత్తుకుపోయిన కమ్యూనిస్టు రచయితలు చెప్పిన సిద్ధాంతం విని, అదీ నమ్మేస్తాడు. వేషం దిగని మనిషికి తనదంటూ ఒక మాట మిగలదు. ఎవరు ఏ మాట అందిస్తే అదే అతని నోట పలుకుతుంది.

మరి జనం? జనానికి ఉద్వాసన తెలియదని అనుకునేవాళ్లకు గుజరాత్ సంగతే చెప్పాలి. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి నుంచి 1988 జులై వరకు ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో వచ్చింది. షూటింగు జరిగింది సూరత్‌కు దక్షిణాన, వల్సాడ్ జిల్లా ఉమర్‌గావ్‌లో. స్నానం చేసి టీవీ పెట్టెకు బొట్టు పెట్టేవారు, దండ వేసేవారు, అగరొత్తులు వెలిగించేవారు. 1991 లోక్‌సభ ఎన్నికల్లో సీత వేషం వేసిన దీపికా చిఖలియా బరోడా నుంచి గెలిచింది. అదే ఎన్నికల్లో, అదే పార్టీ టికెట్ మీద, రావణుడి వేషం వేసిన అరవింద్ త్రివేది సాబర్‌కాంఠా నుంచి గెలిచాడు. ఈ రెండో గెలుపు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు మాత్రం అదే ముఖ్యం. వేషాన్నీ మనిషినీ విడదీయలేని జనమైతే రావణుడికి ఎలా ఓటేస్తారు? టీవీకి దండ వేసిన చేతులే తెరమీద సీతను ఏడిపించినవాణ్ణి పార్లమెంటుకు పంపించాయి. ఏ పురోహితుడూ పక్కన లేకుండానే వాళ్లు ఆ తమలపాకును ఒక అంగుళం కదిపారు.

‘మాయాబజార్’ తీసినవాళ్లకు ఇదంతా తెలుసనే నా నమ్మకం. అది కూడా ఒక రకంగా సినిమా తీయడం మీద తీసిన హాస్య చిత్రమే. ఘటోత్కచుడి మనుషులు రాత్రికి రాత్రి లేని ఊరిని కట్టేస్తారు. లేని బజారు, లేని విడిది, శశిరేఖ కాని శశిరేఖ. వాళ్లలోని చిన్నమయ్య స్టూడియో ఆర్ట్ డైరెక్టరు కాకపోతే మరెవరు? దానికి ముందే ప్రియదర్శిని పేటిక వస్తుంది. మూత తెరిస్తే ఎవరి మనసులో ఏముందో అది వాళ్లకు కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. పెట్టె ఒకటే, లోపల వెలిగే తెర ఒకటే. ఆ పెట్టె అబద్ధం చెప్పిందని ఎవరనగలరు? అభిమన్యుడు ఆ పెట్టెలో లేడు, నిజమే. శశిరేఖకున్న ప్రేమ మాత్రం కల్పన కాదు. సిరిసిల్ల పెద్దావిడకు రామారావు ముఖంలో కనిపించినవాడు రామారావు లోపల ఉన్నాడా అని వెతకడం, ఆ పేటిక అడుగున అభిమన్యుణ్ణి వెతకడంతో సమానం.

దేవుడి విషయంలో నవ్వడం తగునా అని కూడా కొందరు అడుగుతారు. ‘హెయిల్, సీజర్!’లో శిలువ మీద ఉన్న నటుడి దగ్గరికి ఒక కుర్రాడు వచ్చి, మీరు ముఖ్యపాత్రా, జూనియర్ ఆర్టిస్టా అని అడుగుతాడు, టిఫిన్ లెక్క తేలాలి కాబట్టి. నవ్వొస్తుంది. ఆ నవ్వు క్రీస్తు మీద కాదు, శిలువ ఎక్కినా లెక్కలు తప్పని మన బతుకు మీద. చివర్లో విట్లాక్ ఆ శిలువ ముందు నిలబడి సుదీర్ఘంగా మాట్లాడతాడు. చుట్టూ పని చేస్తున్నవాళ్లంతా పని మరిచి వింటారు, మొహాలు మారిపోతాయి. సరిగ్గా విశ్వాసం అనే మాట దగ్గరికి వచ్చేసరికి అతను ఆ మాటే మరిచిపోతాడు. దర్శకుడు కట్ చెబుతాడు. ఈ ఘట్టాన్ని సినిమా వాళ్ల బూటకానికి సాక్ష్యంగా చూసేవాళ్లుంటారు. నాకు అలా కనిపించలేదు. పలికినవాడికి లేనిది విన్నవాళ్లలో పుట్టింది. అర్థం తెలియకుండా మంత్రం చదివే పురోహితులూ ఉన్నారు. అది వాళ్ల లోపమే, దాన్ని నేను సమర్థించను. అయినా ఆ పీటల మీద కూర్చున్న ఇల్లాలి కళ్లలో నీళ్లు తిరిగితే, ఆ నీళ్లు దొంగవని నేను అనలేను.

పెద్దావిడకు ఇదంతా ఇంత పొడవున చెప్పలేదు. పసుపు గణపతి సంగతి చెప్పాను, పెళ్లికొడుకు సంగతి చెప్పాను. “రామారావు ముఖంలోకి కృష్ణుణ్ణి పిలుచుకో తల్లీ, మొక్కు. మొక్కడం అయ్యాక ఆయనకు సెలవిచ్చేయ్. అప్పుడు రామారావు రామారావే. ఆయన మంచిచెడ్డలు ఆయనవి” అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. పోటు మొదలైంది, కొడుకు పిలుస్తున్నాడు.

“గౌరమ్మకు కూడ పొమ్మనే చెప్తం గద అయ్యగారూ. బతుకమ్మను సాగనంపినంక ఆ పసుపు పారేస్తమా? పుస్తెలకు పెట్టుకుంటం” అంది.

నా శాస్త్రంలో నేను చెప్పకుండా వదిలేసిన భాగం అది. ఉద్వాసన అయిన పసుపు మళ్లీ పసుపే, నిజం. కానీ కొట్లో తూకం వేసినప్పటి పసుపు కాదు. ఒక పూట దేవతకు చోటిచ్చిన వస్తువు అది. దాన్ని పూజించం, అలాగని ఊడ్చిపారేయం. రామారావు ముఖం ఆమెకు అలాంటిది. కిరీటం తీసేసిన తర్వాత కూడా ఆ ముఖానికి ఆమె ఇచ్చే మర్యాద పూజ కాదు, అభిమాన సంఘం హడావిడి కూడా కాదు. ఆమె చిన్నప్పుడు సినిమా హాల్లో మొదటిసారి చేతులు జోడించిన చోటు అది.

ఆ కార్తీకంలో వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం చేయించాను. పీట ఎక్కడ వేయాలని కోడలు అడిగితే, క్యాలెండర్ ఉన్న గోడ కిందే వేయించాను. తూర్పు ముఖం కూడా అక్కడే కుదిరింది.