ముద్ర పడని టికెట్



"తెలియక చేశాను ఫాదర్!" విచారణలో తగవులు తీర్చేటప్పుడు ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. "తెలియక చేస్తే తప్పేముందిలే" అని పంపించేసేవాణ్ణి. అదే మాట నేను చెప్పుకోవలసి వచ్చిన రోజు గురించి ఈ వారం రాస్తున్నాను.

2016 సెప్టెంబరు 4న రోము నగరంలో మదర్ తెరేసాను పునీతురాలిగా ప్రకటించిన మహోత్సవానికి మా అక్కయ్య, నేను వెళ్లాం. అక్కయ్య నాకంటే పదకొండేళ్లు పెద్ద. అమ్మ పోయాక నన్ను సెమినరీకి పంపింది ఆమే. నలుగురిలో నన్ను "ఫాదరుగారూ" అని పిలుస్తుంది, కోపం వస్తే మాత్రం "తమ్ముడూ" అంటుంది. ఉత్సవం ముగిశాక రైలెక్కి ఫ్లోరెన్సు చూసి, అక్కడినుంచి పదువా వెళ్లి పునీత అంతోనివారి సమాధిని తాకి వచ్చాం. అవన్నీ వేగంగా పోయే రైళ్లు. టికెట్ మీద రైలు నంబరు, పెట్టె, సీటు అన్నీ ఉంటాయి, మన రిజర్వేషన్ టికెట్ లాగే. అక్కయ్య ప్రతి టికెట్‌నూ తన ప్రార్థనల పుస్తకంలో దాచుకునేది.

తరువాత ఫోర్మియా మీదుగా నేపుల్సు వెళ్లే ప్రాంతీయ రైలు ఎక్కాం. దాని పద్ధతి వేరు. ఆ కాగితపు టికెట్‌కు ఫలానా రైలు అంటూ లేదు. అందుచేత ఎక్కబోయే ముందు ప్రయాణికుడే ప్లాట్‌ఫామ్ దగ్గర ఉన్న చిన్న యంత్రంలో దాన్ని దూర్చి తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్‌ను మళ్లీ వాడుకోవచ్చు కదా! కాబట్టి డబ్బు పెట్టి కొన్న టికెట్ చేతిలో ఉన్నా జరిమానా తప్పదు. మన దేశంలో టికెట్ కొనడంతో మన పని అయిపోతుంది, మిగతాది టీటీఈ చూసుకుంటాడు.

మాకు రెండు వరుసల ముందు ఒక కుర్రవాడు కూర్చున్నాడు. ఆఫ్రికా ఖండంనుంచి వచ్చినవాడిలా ఉన్నాడు. అతని టికెట్ మీదా ముద్ర లేదు. కొత్తవాణ్ణి, తెలియదు అని చేతులతో చెప్పాడు. తనిఖీ ఉద్యోగి వినలేదు. ఆ అబ్బాయి జేబులోంచి నోట్లు, చిల్లర తీసి ఒళ్లో పెట్టుకుని లెక్కపెట్టి ఇచ్చాడు. తరువాత ఆయన మా దగ్గరికి వచ్చాడు. అక్కయ్య పుస్తకంలోంచి తెల్లగా మెరుస్తున్న రెండు టికెట్లు తీసి ఇచ్చింది. నా చెయ్యి దానంతటదే మెడ దగ్గరి తెల్ల కాలరు మీదికి పోయింది. నాకు వచ్చిన నాలుగు ఇటాలియను ముక్కల్లో "తెలియదు" అన్నాను. ఆయన నవ్వి, "పర్వాలేదు పాద్రే" అన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

కాసేపటికి రైలు ఒక చిన్న స్టేషనులో ఆగింది. పేరు ప్రివెర్నో-ఫొస్సనోవా. చూడగానే ఉలిక్కిపడ్డాను. 1274 మార్చి 7న అక్వీనాసు పునీత తోమాసువారు లియోన్సు మహాసభకు పోతూ దారిలో జబ్బుపడి కన్నుమూసింది ఈ ఫొస్సనోవా మఠంలోనే. అజ్ఞానం గురించి ఆయన రాసింది సెమినరీలో చదివి పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఎంత ప్రయత్నించినా తెలియరానిది తెలియకపోతే పాపం కాదు. తెలుసుకోవలసినదాన్ని, తెలుసుకోగలిగి కూడా తెలుసుకోకపోతే అది నిర్లక్ష్యం, ఆ నిర్లక్ష్యం పాపమే. మరి నాది ఏది? మొదటిదేనని నాకు నేను చెప్పుకున్నాను.

ఫోర్మియా దగ్గర సముద్రం కనిపిస్తుంది. అక్కయ్య అటు చూడలేదు.

"తమ్ముడూ, ఆ ముద్ర వేసే పెట్టెను నువ్వు నిజంగా చూడలేదా?"

చూశాను. రోము స్టేషనులో మా ముందు నడుస్తున్న ఇద్దరు ముగ్గురు ఆగి దానిలో టికెట్ దూర్చడం చూశాను. ఎందుకో అడుగుదామని కూడా అనిపించింది. అడిగితే ఆలస్యమవుతుంది, సీటు దొరకదు. పైగా, దాచడమెందుకు, ఇన్ని ఊళ్లు తిప్పి చూపిస్తున్న నేను అక్కయ్య ముందు తెలియనివాడిలా నిలబడడం ఇష్టం లేకపోయింది. ఆ కుర్రవాడు దాన్ని చూశాడో లేదో దేవునికే తెలియాలి. చూసిన నన్ను నమ్మారు, అతన్ని నమ్మలేదు.

ఆ ఉద్యోగిని తప్పుపట్టడం సులభం. కాని మన బడులలో ఏం చేస్తున్నాం? గడువు దాటాక ఫీజు తెచ్చిన తండ్రి ఆఫీసరయితే "పాపం, తెలియలేదట" అంటాం. కూలివాడయితే "నోటీసు బోర్డు చూడలేదా?" అంటాం. ఈ రెండు మాటలూ నా నోటినుంచే వచ్చాయి.

అక్కయ్య కలం తీసి రెండు టికెట్ల మీదా అడ్డంగా ఆ రోజు తేదీ రాసింది, మళ్లీ ఎవరూ వాడకుండా. జరిమానా ఎంతో అంత ఆ కుర్రవాడి చేతిలో పెడదామని లేచాను. సీటు ఖాళీగా ఉంది, ఎక్కడ దిగిపోయాడో. ఆ సొమ్ము నేపుల్సులో ఒక దేవాలయపు పేదల పెట్టెలో వేశాను. అప్పు ఒకరికి ఉంటే మరొకరికి ఇచ్చాను. అది తీర్చినట్టు కాదని నాకు తెలుసు.

తిరుగు ప్రయాణంనాడు నేపుల్సు స్టేషనులో అక్కయ్య నాతో ఏమీ అనకుండా దారిన పోతున్న ఒకావిడను ఆపి, టికెట్లు చూపించి, సైగలతోనే అడిగింది. ఆవిడ చెయ్యి పట్టుకుని యంత్రం దగ్గరికి తీసుకువెళ్లి రెండింటికీ ముద్ర వేయించింది. అర నిమిషం కూడా పట్టలేదు.