కౌన్సెలర్ ఎవరి మనిషి?

విశాఖపట్నంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దాటి ద్వారకా నగర్‌లో అడుగుపెట్టినవారికి ముందుగా కనిపించేవి కోచింగ్ సెంటర్ల బోర్డులు. ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు వాటి మీద ఉంటాయి. రానివారి సంగతి ఏ బోర్డూ చెప్పదు. 2023 జూలైలో ఈ నగరంలోనే, నీట్ పరీక్షకు చదువుతూ హాస్టల్లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలై 25న కోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించి, దేశంలోని విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు విధించింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల మానసికారోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణుణ్నో, సామాజిక కార్యకర్తనో ఒక్కరినైనా నియమించాలన్నది వాటిలో ఒకటి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న లెక్క ఆ తీర్పు వెనుక ఉంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. పది బడులకు ఒక కౌన్సెలరైనా ఉండాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర శాఖ 1967లో ప్రారంభమైంది. గైడెన్స్, కౌన్సెలింగ్‌లలో ఎన్.సి.ఇ.ఆర్.టి. డిప్లొమా కోర్సు నడుపుతోంది. చదువు చెప్పే చోట్లు లేకపోలేదు. అయితే ఆ చదువు కౌన్సెలర్‌ను ఎవరి పక్షాన నిలబెడుతుంది? అసలు ప్రశ్న ఇది.

కౌన్సెలర్‌కు జీతమిచ్చేది యాజమాన్యం. యాజమాన్యానికి కావలసింది ర్యాంకు. పిల్లవాడికి కావలసింది నిద్ర, తిండి, ఓడిపోయినా బతకవచ్చునన్న ధైర్యం. ఈ రెండూ ఢీకొన్ననాడు కౌన్సెలర్ ఎటు?

కార్మికుల చరిత్ర తెలిసినవారికి ఈ చిక్కు పరిచితమే. అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ తన హాథార్న్ ఫ్యాక్టరీలో 1936లో కౌన్సెలర్లను పెట్టింది. వారు కార్మికుల గోడు ఓపికగా విన్నారు. కాని ఆ గోడుకు కారణమైన పరిస్థితిని మార్చే అధికారం వారికి లేదు. 1956లో ఆ పథకం ముగిసింది. మనసు తేలికపడిన కార్మికుడు తిరిగి వెళ్లింది అదే యంత్రం దగ్గరికి. విని ఊరుకునే విద్య యజమానికి నష్టం కలిగించదు.

అయితే కౌన్సెలింగ్ అంతా కంటితుడుపేనా? సమాజం మారితే తప్ప పిల్లల బాధ తీరదని మన మిత్రులు కొందరంటారు. ఈ మాటలో సగం నిజముంది. మిగతా సగం క్రూరత్వం. ఈ రాత్రి హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చున్న పిల్ల సమాజం మారేదాకా ఆగలేదు. ఆమె మాట వినే మనిషి ఇప్పుడే కావాలి.

కనుక శిక్షణలోనే రెండు బాధ్యతలూ ఉండాలి. వినే నేర్పుతోపాటు, విన్నదాన్నిబట్టి సంస్థను ప్రశ్నించే నేర్పూ కావాలి. మార్కులను బట్టి బ్యాచులు విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకు మానాలని కోర్టే చెప్పింది. అంటే జబ్బు పిల్లవాడి మనసులోనే కాదు, టైంటేబుల్లో కూడా ఉండవచ్చునని ఒప్పుకున్నట్టే. ఆ మాట యాజమాన్యం ముఖాన చెప్పగలవారే కౌన్సెలర్. పిల్లవాడు నమ్మి చెప్పినది ప్రాణాపాయం లేనంతవరకు యాజమాన్యానికి చేరవేయనివారే కౌన్సెలర్. శ్రీకాకుళం పల్లెనుంచి వచ్చిన పిల్ల ఏడుపు తెలుగులోనే ఉంటుంది గనుక, ఇంగ్లీషు పుస్తకంలోని మాటలతోనే సరిపెట్టుకోనివారే కౌన్సెలర్.

ఫ్యాక్టరీ డాక్టరూ కంపెనీ జీతమే తింటాడు, అయినా రోగికే వైద్యం చేస్తాడు కదా అనవచ్చు. నిజమే. కాని డాక్టరు వెనుక వృత్తి ధర్మం, దాన్ని కాపాడే వ్యవస్థ ఉన్నాయి. కౌన్సెలర్‌కు అవి లేకపోతే పట్టా గోడకే అలంకారం. నిజం చెప్పినందుకు ఉద్యోగం పోని హామీ కోసం ఉపాధ్యాయ సంఘాలు, విద్యార్థి సంఘాలు అడగాలి. ఆ హామీ లేనిచోట కౌన్సెలర్ గది ద్వారకా నగర్‌లో మరో బోర్డు మాత్రమే.