పెంచిన జడ ఎవరిది?

తలవెండ్రుకలను పెంచుట ధర్మవిచారమునకు తగిన విషయమా యని చదువరులు నవ్వవచ్చును. మొన్నటి దాక నేనును నవ్వియుండెడిదాననే. కాని క్రిందటి యేడు మా యింట ఒక జడను గూర్చి కలిగిన పట్టింపు వలన నాకును నా మనుమరాలికిని రెండు వారముల పాటు మాటలు లేకపోయినవి. ఆ రెండు వారములలో నేను తలపోసినదే ఈ వ్యాసము.

మాది మదుర. ఎన్నియో తరములుగా ఇక్కడివారమే. వీధిలో అరవము, ఇంటిలో తెలుగు మాటలాడుచు పెరిగితిమి. ఇంకొక భేదము కూడ మా యింట పాటించుచుండిరి. శుక్రవారము ఉదయమున ఇరుగుపొరుగు పెరళ్ళనుండి సీయక్కాయ పొడి వాసన వచ్చుచుండగా, మా పెరటినుండి మాత్రము కుంకుడుకాయలు దంచు చప్పుడు వినవచ్చుచుండెను. రెంటికిని నురుగు నిచ్చునవి సపోనిన్లను ఒక్క జాతి పదార్థములే. అయినను మా నాయనమ్మకు కుంకుడురసము తెలుగుతనమునకు గుర్తు. పొడుగు జడయు అట్టిదే. మా వీధిలోని అరవ పిల్లలకును, సౌరాష్ట్రుల పిల్లలకును అంతంత జడలే యుండెడివన్న సంగతి ఆమె కంటికి ఆనెడిది కాదు.

మా ఆడపిల్లల తలలన్నిటిని సాకినది మా తాతగారి చెల్లెలు. ఆమెను మేము చిన్నవ్వ యని పిలిచెడివారము. గురువారము రాత్రి ఒక్కొక్కరిని ముందు కూర్చుండబెట్టుకొని నూనె పట్టించెడిది. తెల్లవారుజామున కుంకుడుకాయలు చితుకగొట్టి, గింజలు తీసివేసి, వేడినీటిలో నానవైచి, పిసికి వడగట్టెడిది. రసము కంట బడినచో ఏడుపు లంకించుకొనక ముందే నోటిలో ఉప్పురాయి వేసెడిది. ఉప్పు కంటిమంటను తీర్చునో లేదో గాని ఏడుపును మాత్రము ఆపెడిది. తరువాత సాంబ్రాణి పొగ, ఆ పైన చిక్కు తీయుట. ఆమె నియమములు ఆమెకుండెను. తడి తలకు దువ్వెన తగిలింపరాదు. చిక్కును కొననుండి పైకి విడదీసికొనుచు రావలెను గాని మొదటినుండి క్రిందికి లాగరాదు. కణతలు సాగునట్లు జడ బిగింపరాదు. రాత్రి వదులుగా అల్లుకొని పండుకొనవలెను.

ఇవన్నియు నిజములేయని నేటి శాస్త్రము చెప్పుచున్నది. తడిసిన వెండ్రుక ఎక్కువగా సాగి సులువుగా తెగును. ఏండ్ల తరబడి బిగించి లాగిన జడ వలన నుదుటిమీది కుదుళ్ళు చెడి నెత్తి పలుచబడును. కొబ్బరినూనె వెండ్రుక లోనికి ఇంకి, కడిగినప్పుడు అందలి మాంసకృత్తులు పోకుండ కొంతవరకు కాపాడును. చిన్నవ్వ చెప్పినవానిలో ఒక్కటి మాత్రము తప్పు. కొనలు కత్తిరించిన జడ త్వరగా పెరుగునని ఆమె నమ్మకము. పెరుగుట కుదురువద్ద గాని కొనయందు లేదు గదా! కొన కత్తిరించుటవలన చీలిక పైకి ప్రాకదు. అంతవరకే దాని లాభము.

వెండ్రుకకు ప్రాణము చర్మము లోపలనే. చర్మమును దాటి వెలికి వచ్చిన భాగము కెరటిన్ అను పదార్థముతో నిండిన నిర్జీవమైన పోగు. అది నెలకు సుమారు 1 సెంటీమీటరు, లేక కొంచె మెక్కువ పెరుగును. ఒక్కొక్క వెండ్రుక 2 మొదలు 6, 7 ఏండ్ల వరకు పెరిగి, కొన్ని నెలలు ఊరకుండి, రాలిపోవును. దినమునకు 50 మొదలు 100 వరకు రాలుట సహజమే. కావున ఎవరి జడకు వారి హద్దు పుట్టుకతోనే యున్నది. ఏ తైలమును దానిని జరుపలేదు. నడుమును తాకు జడకొన ఇంచుమించు ఆరేండ్ల నాటిది. 13 ఏండ్ల పిల్ల తలనుండి బయలుదేరిన వెండ్రుక, 19 ఏండ్ల పిల్ల నడుముమీద ఆడుచుండును.

తెగిన చర్మము మానును. విరిగిన ఎముక అతుకుకొనును. చీలిన వెండ్రుక కొన మాత్రము మరల అతుకదు. జడను పెంచు కాలమున మనము చేయు సేవ యంతయు బాగుచేయుట కాదు, చెడకుండ కాచుట మాత్రమే. ఆరేండ్ల పాటు దినదినమును కాచినదానిపై కాచినవారికి ఏదో ఒక హక్కు కలుగునని తోచుట సహజము. నా పొరపాటు అక్కడనే మొదలైనది.

మా చిన్నవ్వకు తల బోడి. 14వ యేట భర్త పోగా ఆమెకు శిరోముండనము చేయించిరి. కందుకూరి వీరేశలింగము గారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహము జరిపించి అప్పటికి ముప్పది యేండ్లు దాటినది. ఆ మాట మదుర దాక వచ్చినను మా గడప దాటి లోనికి రాలేదు. మా తలలకు నూనె పెట్టుటకు ఆమె చేతులు కావలెను. పండుగనాడు మాకు పూలజడ వేయుటకు మాత్రము ఆ చేతులు పనికిరావు. ఆ దినమున ఆమె వంటింటి గడప లోపల నిలిచి, మా అమ్మ వేయు జడ వంకరపోవుచుండగా చూచుచుండెడిది. నోరు మెదపెడిది కాదు.

నేను ఎనిమిదేండ్ల దానినై యుండగా ఒకనాడు, “నీకు గొరిగినప్పుడు నొప్పి వేసిందా చిన్నవ్వా?” అని యడిగితిని. ఆమె నా చిక్కు తీయుట ఆపకయే, “నొప్పేముందే, వెంట్రుకకి ప్రాణం లేదుగా. నన్నడగలేదు, అంతే” అని యన్నది.

నాకు అప్పుడు అర్థము కాలేదు. ప్రాణము లేని వస్తువు, కోసినను బాధింపనిది, మరల మొలచునది. దానిని తీసివేయుటలో అపకార మెక్కడ నున్నది? వెండ్రుకకు జరిగిన అపకారము కాదది. తన తలను గూర్చిన మాటలో ఆ తల గల మనిషిని లెక్కకు రానీయకుండుటయే అపకారము. తిక్కన ఉద్యోగపర్వమున, రాయబారమునకు బయలుదేరు కృష్ణుని ఎదుట ద్రౌపది చూపినది తన కురులనే గాని వేరొక గాయమును కాదు. కురులకు గాయము లేదు. అయినను సభలో జరిగినదంతయు వానియందే యున్నది.

ఇక మా యింటి సంగతి. నా మనుమరాలికి 19 ఏండ్లు. తలిదండ్రులిద్దరును ఉద్యోగములకు పోవువారగుటచే 13వ యేటినుండి ఆమె తల నా చేతిలోనే యున్నది. చిన్నవ్వ నేర్పిన పద్ధతులన్నిటిని తు.చ. తప్పక నడిపితిని. కడపటి యేడు జడ నడుము దిగినది. అట్టి సమయమున ఒకనాటి సాయంకాలము ఆ పిల్ల నా ప్రక్కకు వచ్చి కూర్చుండి, “అవ్వా, జడ కత్తిరించి ఇచ్చేద్దామనుకుంటున్నా” అనెను. తన స్నేహితురాలి తల్లికి కాన్సరు వ్యాధికై మందులెక్కించుచున్నారట. త్వరత్వరగా విభాగము చెందు కణములపై ఆ మందులు పనిచేయును. కేశమూలములందలి కణములును అట్టివే యగుటచే తల బోడియగును. చికిత్స ముగిసిన పిమ్మట చాలమందికి మరల మొలచును గాని ఆ నడిమి నెలలు గడుపుట కష్టము. అట్టివారికి విగ్గులు చేయించి యిచ్చువారున్నారనియు, వారు చాలచోట్ల పది, పన్నెండు అంగుళములకు తక్కువ కాని జడలనే తీసికొందురనియు, ఒక విగ్గునకు పలువురి జడలు కావలెననియు అన్నియు తెలిసికొని వచ్చినది.

నేను విన్నాను. విని, “ఆరేళ్ళు పెంచింది నేను. నన్నడక్కుండా ఎట్లా ఇస్తావు?” అంటిని.

పిల్ల లేచిపోయినది. రెండు వారములు మా నడుమ మాటలు లేవు. నా మాటయే నన్ను నిదురపోనీయలేదు. ‘అడగలేదు’ అన్నది చిన్నవ్వ తన తలను గూర్చి. ‘అడక్కుండా’ అంటిని నేను ఇంకొకరి తలను గూర్చి. దున్నినవానిదే భూమియను న్యాయమును పిల్ల నెత్తికి కూడ వర్తింపజేసితిని!

పెంచినవారు స్వాములు కారు, న్యాసమును కాపాడువారు మాత్రమే యని పెద్దలనుట కలదు. శకుంతలను అత్తవారింటికి పంపిన పిమ్మట కణ్వుడు, దాచుమని యిచ్చిన సొమ్మును తిరిగి యొప్పగించినవానివలె ఊరట చెందినట్లు కాళిదాసు వ్రాసెను. నాకు ఆ పోలిక సగమే నచ్చినది. అక్కడ న్యాసమునకు సొంతదారు భర్త. శకుంతల తనకు తానే సొంతదారని ఆ తండ్రికి తోచలేదు. కాపాడినవాడు సొంతదారునకే తిరిగి యిచ్చుట ధర్మమైనచో, నా చేతిలోని జడకు సొంతదారు నా ఎదుట కూర్చుండిన పిల్లయే గదా.

నేనును ఐదవ యేట తిరుమలలో తల ఇచ్చినదాననే. జ్వరము తగ్గిన మ్రొక్కు. మ్రొక్కినది మా అమ్మ, ఇచ్చినది నా తల. అందు దోషమున్నదని నేననను. ఐదేండ్ల పిల్లను అడిగి చేయు పనులెన్ని యున్నవి? రెండు వారముల పిమ్మట ఈ మాటతోనే మనుమరాలిని కదిపితిని. దేవునికిచ్చుట వేరు, ఊరూ పేరూ తెలియనివారికిచ్చుట వేరని వాదించితిని. దేవస్థానమువారు ఆ వెండ్రుకలను నిడివిని బట్టి తరగతులు చేసి వేలము వేయుదురనియు, ఏటేట కోట్ల రూపాయలు వచ్చుననియు ఆమెకు తెలియును. “స్వామికిచ్చింది కూడా విగ్గే అయ్యుంటుందిగా అవ్వా?” అనెను. నాకు నవ్వాగలేదు. అంతటితో మాటలు కలిసినవి.

అయినను ఒక బాధ మిగిలినది. ముద్దుగా పెంచుకొన్నదానిని ఇంత సులువుగా ఎట్లు విడుచుచున్నదని. మాకు శ్రీవిల్లిపుత్తూరు ఎంతో దూరము కాదు. ఆండాళ్ తాను తురుములో ముడుచుకొనిన మాలనే స్వామికి పంపుచుండెననియు, తండ్రి దానిని అపచారమని ఆపగా స్వామి ఆ మాలనే కోరెననియు మేము చిన్ననాటినుండి విన్న కథ. కృష్ణదేవరాయలు తన కావ్యమునకు ఆముక్తమాల్యద యని పేరిడినది ఆ మాలను బట్టియే. ధరించి మురిసినందువలన మాల ఈవికి పనికిరానిది కాలేదు. జడయు అంతేయేమో. ముద్దు లేక పెంచిన జడ కొనలు చీలి, ఈయదగినంత నిడివికే రాకపోవును.

తల ఆ పిల్లదేయని నేనొప్పుకొంటిని. పెంచిన చేతులకు ఏమియు లేదా యన్నచో, ముందుగా తెలిసికొను మర్యాద యున్నదందును. ఆ మర్యాద ఆమె నాకు చేసినది. నా అనుమతి కొరకు కాదు, నాకు చెప్పుట కొరకే ఆ సాయంకాలము వచ్చి నా ప్రక్కన కూర్చుండినది. నేనే దానిని వేరుగా వింటిని. ఇక, పోయినదానికి నాలుగు దినములు బెంగపడుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

జడను కోయుటకు ముందు తల బాగుగా ఆరియుండవలెను. తడి జడ బూజు పట్టును. ఒక గురువారము రాత్రి నూనె మానివేసి, శుక్రవారము తలంటి, మధ్యాహ్నము దాక ఎండలో ఆరబెట్టితిని. జడ నేనే అల్లి, మొదటను కొనను గట్టిగా కట్టితిని. కత్తెర నేను పట్టలేదు. మా కోడలు పట్టినది. కొలువగా 19 అంగుళములు తేలినది. ఆ పిల్ల తలను అటునిటు విదిల్చి, “మెడ తేలికైపోయిందవ్వా” అనెను.

మరుసటి శుక్రవారమునకు అలవాటు చొప్పున ఇరువది కాయలు నానవేసితిని. సగముకూడ పట్టలేదు. మిగిలిన రసముతో నా పట్టుచీర ఉతికి ఆరవేసితిని.