దఫ్తరుకెక్కిన అన్నం

మంజీర మీద ఘనపురం ఆనకట్ట కట్టిన కొత్తలో, మెదక్‌కు రెండు కోసుల దూరాన, కాలువ కింద ఒక ఊరుండేదట. నాట్లు మొదలైతే ఆ ఊళ్లో ఆడవాళ్లెవరూ ఇంటిపట్టున ఉండేవారు కాదు. పాకే పిల్లలనూ పరుగెత్తే పిల్లలనూ ఊరి చివర చింతచెట్టు కింద ఒక ముసలవ్వకు అప్పగించి మడిలోకి దిగేవారు. అవ్వకు చూపు సరిగా ఆనదు గానీ నోట్లో పాటలకు కొదవ లేదు.

ఒకనాడు చావడి దగ్గర పదిమంది కూడినప్పుడు పటేలు లేచాడు. "పసిపోరగాండ్లకు పగటిపూట కడుపు నిండాలె. నాలుగు పాటలు, నాలుగు కతలు రావాలె. ఇది మన ఊరి మాట" అన్నాడు. అందరూ అవునంటే అవునన్నారు. ఆ ఏడు పంట విరగపండింది. ఇంటింటి నుంచీ నూకలు వచ్చాయి, అవ్వ ఒడిలో కూలిగింజలూ పడ్డాయి.

మరుసటేడు మంజీర ముఖం చాటేసింది. ముందు ఒక ఇల్లు ఆపింది, దాన్ని చూసి పక్కిల్లు ఆపింది. తల్లులు పోయి పటేలును అడిగారు.

"జరగాలె అన్న గని, నేను జేస్త అన్ననా బిడ్డా? కాలం మంచిగయితే జేసుకుందం" అన్నాడతను. అబద్ధమాడలేదు. నిజంగానే అతను అన్నది అంతే.

ఒక తల్లి ఊరుకోలేదు. పిల్లను చంకనేసుకుని మెదక్ కచేరీకి నడిచింది. తహసీల్దారు ఊరికొచ్చి చావడిలో కూర్చుని అడిగాడు: ఎవరివ్వాలి? ఎంతివ్వాలి? ఇవ్వకపోతే ఏం కావాలి? ఒక్కరూ నోరు విప్పలేదు. అప్పుడు దఫ్తరు తెప్పించి రాయించాడు. నాట్ల కాలమంతా కాలువ నీరు పారే ప్రతి ఎకరానికీ వారానికి మానెడు బియ్యం చింతచెట్టు కిందికి చేరాలి. చేరకపోతే నీరటి ఆ రైతు తూము మూసేస్తాడు.

"మరి పాటలు దొరా?" అంది ఆ తల్లి.

"పాటను ఏ మానికతో కొలవను?" అని తహసీల్దారు దఫ్తరు మూశాడు.

పోతూ పోతూ గుమాస్తాతో ఒక చీటీ రాయించి ఇచ్చాడు. బియ్యం ఎలా వండాలో అందులో ఉంది: చిన్నవాళ్లకు మెత్తగా, ముందుగా, పొద్దు నెత్తి మీదికి రాకముందే. 'ఇలా చేయలేకపోతే ఎందుకు చేయలేదో చెప్పాలి' అని కింద ఒక ముక్క.

ఒక ఏడు బియ్యానికి పురుగు పట్టింది. అవ్వ జొన్న గటక వండి పెట్టింది. గుమాస్తా వచ్చి నిలదీస్తే చాట తెచ్చి పురుగులు చూపించింది. అతను తలూపి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి ఏడు ఒక రైతు సగం ఊక కలిపి పంపాడు. ఇదేమిటంటే, "పోరగాండ్లే గద, గింతకు పంచాయితీనా" అన్నాడు. సాయంత్రానికి అతని తూము మూతపడింది.

ఏళ్లు గడిచాయి. కరువొచ్చినా అన్నం ఆగలేదు. అవ్వ పోయింది. ఆమె స్థానంలో వచ్చినామె వంటలో దిట్ట. ఎందరు తిన్నారో గోడ మీద గీతలు గీసేది, గుమాస్తా వచ్చి అడిగేది అదొక్కటే కనుక. పిల్లలు తిని నీడన పడుకునేవారు.

"నా పెద్దోడు అవ్వ దగ్గర పాటల్నే వంద దాక లెక్క నేర్చిండు. చిన్నోడు తిని పంటుండు. పాట ఎవలు జెప్తరు పటేలా?" అనడిగింది ఒక తల్లి.

పటేలు దఫ్తరు తెరిచి మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. "ఇండ్ల రాయలే బిడ్డా" అన్నాడు.

నీతి

ఊరి మాట విధానం. దఫ్తరు రాత చట్టం. గుమాస్తా చీటీ చట్టబద్ధ మార్గదర్శకం, చాలామంది తికమకపడేది దీని దగ్గరే. ఆ చీటీకి సొంత బలం లేదు; దఫ్తరులో బియ్యం మాట లేకపోతే అది చిత్తు కాగితం. ఉంది కాబట్టే కారణం చూపిన అవ్వ బయటపడింది, చూపలేని రైతు ఇరుక్కున్నాడు. పటేలును దుర్మార్గుడనుకోవద్దు. విధానాలు రాసేవాళ్లు చాలామంది మనసున్నవాళ్లే. చిక్కంతా, మాట నిలవనప్పుడు ఎవరి తూము మూయాలో విధానం చెప్పకపోవడంలో ఉంది.

ఈ కథ మెదక్‌లో ఏ అంగన్‌వాడీ గడపలోనైనా ఇవాళ్టికీ నడుస్తోంది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో, అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు అన్నమూ పాటా రెండూ ఊరి మాటలే. తర్వాత అన్నం దారి వేరైంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో ఈ పథకాన్ని పిల్లలకు దక్కాల్సిన హక్కుగా మార్చే ఉత్తర్వు ఇచ్చింది. 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం ఇవ్వాలని దాని 5వ సెక్షన్ చెబుతుంది. మూడు నుంచి ఆరేళ్ల వారికి ఉదయం చిరుతిండి, వేడి భోజనం అని రెండో షెడ్యూల్‌లో రాసి, 500 కేలరీలు, 12-15 గ్రాముల ప్రోటీన్ అని మొదట కొలత కూడా వేశారు. తర్వాత ఆ కొలతలను సవరించారు. గుడ్డు పెట్టాలని మాత్రం చట్టం అనలేదు. తెలంగాణ పిల్లల పళ్లెంలో గుడ్డు ఉండటం రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం. గుడ్డు ఇవ్వని రాష్ట్రాలూ ఉన్నాయి, అవి చట్టాన్ని తప్పినట్టు కాదు.

భోజనం అందకపోతే ఆహార భద్రత భత్యం ఇవ్వాలని 8వ సెక్షన్, ఫిర్యాదు వినడానికి జిల్లాలో ఒక అధికారి ఉండాలని 15వ సెక్షన్ అంటున్నాయి. అంగన్‌వాడీ టీచర్లకు గ్రాట్యుటీ వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో తీర్పిస్తూ, ఆ కేంద్రాలు చట్టం అప్పగించిన విధులు చేస్తున్నాయని సుప్రీంకోర్టు గుర్తుచేసింది కూడా.

పాట ఇంకా చావడి దగ్గరే ఉంది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి చదువును ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్లలోపు వారిని 45వ అధికరణలో పెట్టి, వారి సంరక్షణకూ చదువుకూ రాజ్యం ప్రయత్నించాలంది. అది ఆదేశిక సూత్రం. దాన్ని పట్టుకుని కోర్టుకు పోవడానికి లేదని 37వ అధికరణే చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాట్లు 'చేయవచ్చు' అంటుంది. 2013లో శిశు సంరక్షణ, విద్యల జాతీయ విధానం, 2020లో మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అన్న జాతీయ విద్యా విధానం, ఆపైన 'ఆధార్‌శిల' పాఠ్యప్రణాళిక వచ్చాయి. ఆటలూ పాటలూ కథలూ వాటిలో నిండుగా ఉన్నాయి, చదివితే ముచ్చటేస్తుంది. కానీ చింతచెట్టు కింద నిలబడి అడిగే తల్లికి అవి చూపించే సెక్షన్ లేదు. అందుకే చేతిలో నాలుగు డబ్బులుంటే ఆమె ఎల్‌కేజీ బోర్డున్న బడి వైపు నడుస్తుంది. ఆమెను తప్పు పట్టలేం.

తహసీల్దారు ప్రశ్న మాత్రం తేలిగ్గా కొట్టేసేది కాదు. పాటను కొలవలేం, నిజమే. పాట చెప్పే మనిషిని కొలవొచ్చు. ఇంగ్లాండులో 2006 నాటి బాలల సంరక్షణ చట్టం కింద 2008 నుంచి పసిపిల్లల కేంద్రాలకు ఒక చట్టబద్ధ చట్రం నడుస్తోంది. రెండేళ్లలోపు పిల్లలు ముగ్గురికి కనీసం ఒక పెద్ద మనిషి ఉండాలన్నది అందులో దాటరాని గీత. కొన్ని చోట్ల మాత్రం సరైన కారణం ఉంటే వేరే దారి పట్టొచ్చు, అవ్వ గటక వండినట్టు. ఏడ్చే పిల్లను ఎలా ఊరడించాలి, తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలి అనేవి ఆ గీతల లోపల ఒక్కో కేంద్రం తన విధానంగా రాసుకుంటుంది.

మన దగ్గర ఒక టీచరు, ఒక ఆయా. వంట, తూకాలు, రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ యాప్ నింపడం అయ్యాక మిగిలిన పొద్దు పాటది. ఒక టీచరుకు ఎందరు పిల్లలు, చదువుకే కేటాయించిన గంటలెన్ని, ఆ గంటల్లో ఆమెకు వేరే పని చెప్పకూడదన్న నియమం: నన్నడిగితే దఫ్తరుకెక్కాల్సినవి ముందు ఇవి, పాఠ్యప్రణాళిక ఆ తర్వాత. 2015 ఆగస్టులో లా కమిషన్ తన 259వ నివేదికలో ఆరేళ్లలోపు పిల్లల కోసం రాజ్యాంగంలో 24-ఎ అధికరణ చేర్చాలని, 11వ సెక్షన్‌లోని ఏర్పాటును తప్పనిసరి చేయాలని సిఫారసు చేసింది. 24-ఎ ఇంకా చేరలేదు, 11వ సెక్షన్ ఇప్పటికీ 'చేయవచ్చు' అనే అంటోంది.