పడవ ధరా, మా అవసరం ధరా?

మేము గోదావరి ఒడ్డు కొండరెడ్లం. రోడ్డు కంటే ముందు రేవు తెలిసినవాళ్ళం. పోలవరం దగ్గర కాఫర్ డ్యామ్ కట్టాక వరద నీరు ఎగదన్ని దేవీపట్నం మండలం ఊళ్ళలోకి వస్తోంది. ఆ రోజుల్లో మాకు అంబులెన్సూ పడవే, రేషన్ బండీ పడవే.

మా పాత నాటుపడవ అడుగు చెక్క పుచ్చిపోయింది. ఊరంతా చందా వేసుకున్నాం. నలుగురం కలిసి రాజమండ్రి వైపు ఒక డీలరు దగ్గరికి ఫైబర్ పడవ కోసం వెళ్ళాం. ఎంత పొడవు కావాలని ఆయన అడగలేదు. "ఏ ఊరు మీది?" అన్నాడు. చెప్పాం. "వరదలొచ్చేస్తున్నాయి, ఎప్పటికి కావాలి?" అన్నాడు. అదీ చెప్పాం. అప్పుడు 95 వేలన్నాడు. బయటికొచ్చాక ఒక జాలరి తమ్ముడు, "అదే పడవ పోయిన నెల్లో మావోడు 80 వేలకి తెచ్చుకున్నాడండి" అన్నాడు.

ఆ 15 వేలు దేని ధర? సరుకుదీ కాదు, కూలిదీ కాదు. మా తొందరది, మా తెలియనితనానిది.

సంతలో చింతపండు, కొండచీపుర్లు అమ్మేటప్పుడు ధర షావుకారిదే. ఉప్పు, బట్ట కొనేటప్పుడూ ధర ఆయనదే. ఈ దోపిడీని ఆపాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. అది అటవీ ఉత్పత్తులకి ధర చెప్పి కొంటుంది. పడవకి అలా ధర చెప్పేవాళ్ళు లేరు.

"డీలరు అబద్ధమాడలేదుగా, బేరమంటే ఇద్దరి ఇష్టం" అంటారు కొందరు. రెండు వేల ఏళ్ళ కిందట రోమ్‌లో సిసిరో అనే ఆయన ఇలాంటి చిక్కు గురించే రాశాడు. కరువులో ఉన్న రోడ్స్ దీవికి ఒక వర్తకుడు ఓడలో ధాన్యం తెచ్చాడు. వెనక ఇంకా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివాళ్ళకి తెలియదు. చెప్పాలా, దాచి ఎక్కువకి అమ్ముకోవాలా? దాచడం తప్పన్నాడు సిసిరో. మా మాటా అదే. కాదని లేచి వెళ్ళిపోగలిగితేనే అది ఇష్టం. నీళ్ళు గడప దాకా వచ్చినవాడికి ఇష్టమెక్కడిది?

అయితే మేమూ ఒక మాట ఒప్పుకోవాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, మా పడవవాడే ఒకడు రేవు దాటించడానికి నాలుగింతలు అడిగాడు. మనవాడు కదా అని మేం నోరు మెదపలేదు. డీలరు చేస్తే మోసం, మనవాడు చేస్తే తెలివా?

మర్నాడు మళ్ళీ డీలరు దగ్గరికి వెళ్ళాం. తెలిసిన ధర మొహం మీదే చెప్పాం. పక్కల మందం తగ్గిస్తే 75 వేలకే ఇస్తానన్నాడు. వద్దన్నాం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన నీళ్ళవి. అక్కడ ప్రాణం తగ్గించి డబ్బు మిగుల్చుకోకూడదు. మందం తగ్గకుండా 82 వేలకి కుదిరింది. ఆయనకీ లాభం ఉండాలి, ఉంది కూడా.

బేరం తప్పు కాదు. ఎదుటివాడి ఆపదని తూకం వేయడం తప్పు. పంతుళ్ళు లెక్కల పీరియడ్లో సంత ధరలు పిల్లల చేత లెక్క కట్టించాలి. చదువుకున్న తమ్ముళ్ళు కొనబోయే ముందు నాలుగు చోట్ల అడగాలి.

పడవ వచ్చిన రోజే మా రేవులో ఒక పలక కట్టాం. దాని మీద దాటింపు ధర రాశాం. కింద ఇంకో మాట రాశాం: "వరద రోజైనా ఇదే."